పిట్టల మడి

మట్టి పరీక్షకు మట్టిని యూరియా సంచిలో పట్టుకొచ్చిన మొదటి రైతు మాణయ్య కాడు, ఆఖరి రైతూ కాడు. కానీ ఆ సంచిని బల్ల మీద పెట్టి, "ఇది నా కోసం కాదు మేడం, పిట్టల కోసం" అన్న మనిషి మాత్రం ఝరాసంగం చుట్టుపక్కల అతనొక్కడే అయి ఉంటాడు.

వ్యవసాయ అధికారి దీపిక సంచి మీది అక్షరాలు చూసింది. తర్వాత మాణయ్య ముఖం చూసింది.

"పెద్దయ్యా, యూరియా సంచిల తెచ్చిన మట్టిని పరీక్ష చేస్తే యూరియానే కనబడ్తది. మీ చెల్కల ఏమున్నదో ఎట్ల తెలుస్తది?"

"మంచిగ దులిపిన మేడం."

"దులిపితే పోదు. బట్ట సంచిల మల్ల తేన్రి. అవును గని, పిట్టల కోసమంటే ఏంది?"

మాణయ్య రుమాలుతో ముఖం తుడుచుకున్నాడు.  "మా ఇంటామెది ఒక మడి ఉండె మేడం. అండ్ల పండింది పిట్టలే తింటుండె. ఆమె పోయిన భాద్రపదంల కాలం చేసింది. ఏడాది మాసికం వరకు ఆ మడిని మల్ల ఎప్పటి లెక్క చేద్దామని" అని ఆగిపోయాడు.

దీపిక ఒక కాగితం తీసి మడి బొమ్మ గీసి, మట్టి ఎలా తీయాలో చూపించింది. మడిలో వంకరటింకరగా నడుస్తూ చోటుచోటా ఆగాలి. పైన చెత్త పక్కకు జరిపి జానెడు లోతు గుంట తవ్వి, గుంట గోడను పైనుంచి కిందికి పలచగా చెక్కాలి. అన్ని చోట్ల మట్టినీ కలిపి గుండ్రంగా పరిచి, నాలుగు పాళ్ళు చేసి, ఎదురెదురు పాళ్ళు రెండూ పారేయాలి. అర కిలో మిగిలేదాకా అలాగే చేసి నీడలో ఆరబెట్టాలి.

"గట్టు పొంటి తీయొద్దు. చెట్టు కింద తీయొద్దు. పెంట పోసిన జాగల, నీళ్ళు నిలిచే మూలల అసలే తీయొద్దు. గక్కడి మట్టి మడి మొత్తం సంగతి చెప్పది" అని దీపిక రెండుసార్లు చెప్పింది.

మాణయ్య ఆటోలో ఊరికి వెళ్ళేంతసేపూ ఆ మాటలే మననం చేసుకున్నాడు. మాణయ్య మొండివాడని ఊరందరికీ తెలుసు. ఆ మొండితనం ఒక మంచి పనికి పనికిరావడం ఇదే మొదటిసారి, అదీ ఆలస్యంగా.

గుట్ట దాపున అతనికి రెండెకరాల ఎర్ర చెల్క ఉంది. అందులో వాలు దిగిన చివర పది గుంటల మడి. పెళ్ళై వచ్చిన తొలి ఏడే బాలమణి ఆ ముక్కను పుట్టింటివాళ్ళు ఇచ్చినంత ధీమాగా పట్టుకుంది. మృగశిర కార్తెలో కొర్ర, సజ్జ, నడుమ పెసర వేసేది. పండిన తర్వాత ఆ మడిలో కొడవలి పెట్టనిచ్చేది కాదు. నెమళ్ళు, కౌజులు, గువ్వలు, పేరు తెలియని చిన్నపిట్టలు గుట్ట దిగి వచ్చి తిని పోయేవి. చుట్టూ చేలల్లో జనం డబ్బాలు కొట్టి పిట్టలను తోలుతుంటే ఈమె గట్టు మీద కూర్చుని వాటిని చూసి మురిసిపోయేది.

"నాకు పెట్టెతప్పుడు గింత సంబురం కనబడదు నీ మొకంల" అని మాణయ్య ఉడికించేవాడు.

"నువ్వు అడిగి పెట్టించుకుంటవ్. అవ్వి అడుగయి" అనేది బాలమణి.

మాణయ్య మోకాళ్ళు పట్టేసిన ఏడు చెల్కను అల్లానికి కౌలుకు ఇచ్చాడు. అప్పటికే ఊళ్ళో సగం చెల్కలు అల్లం కిందికి పోయాయి. వచ్చిన కౌలుదారు మడితో సహా ఇస్తేనే తీసుకుంటానన్నాడు. మాణయ్య సరేనని వచ్చి, పొయ్యి దగ్గర రొట్టెలు కాలుస్తున్న భార్యకు ఆ సంగతి చెప్పాడు. అడగలేదు, చెప్పాడు. ఆమె పెనం వైపు చూస్తూ ఉండిపోయింది. పెనం మీది రొట్టె మాడింది. అంతకు మించి ఇంట్లో గొడవేమీ జరగలేదు.

రెండో వానాకాలంలో ఒకరోజు మాత్రం ఆమె నోరు తెరిచింది. "అల్లంల చల్లే గుళికల మందు ఆపమని వానికి చెప్పు."

"కౌలుకిచ్చినంక వాని ఇష్టం. మనమేం చెప్తం."

"చెప్పవా?"

"చెప్ప."

ఆ తర్వాత ఆమె భర్తతో మాట్లాడటం మానేసింది. మరునాటి నుంచి కొత్త పని పెట్టుకుంది. తాను అన్నం తినే సిల్వర్ తలె పట్టుకుని చెల్కకు పోయి, గట్టు మీది బండ ఎక్కి, తలెను రాయితో బాదుతూ పెద్దగా అరుస్తూ పిట్టలను తోలేది. ఇన్నేళ్ళు పిట్టలకు పెట్టిన మనిషి, పొద్దంతా పిట్టలను తోలడం. జనం నవ్వారు. "మాణయ్యా, నీ పెండ్లానికి తలకాయ గిట్ల తిరిగిందా ఏంది?" అని చాయ్ హోటల్ దగ్గర అడిగారు.

మాణయ్యకు తోచింది ఒక్కటే. నా మడి నాకు లేకుండా చేశావు, ఇక పిట్టలకూ లేకుండా చేస్తాను, నీ పరువూ తీస్తాను అని ఆమె పంతం పట్టిందనుకున్నాడు. ఒకనాడు ఒళ్ళు మండి, నలుగురు చూస్తుండగా ఆమె చేతిలోని తలెను గుంజుకుని, చెల్కలోనే ఉన్న కొట్టం రేకుల మీదికి విసిరేశాడు. ఆమె మర్నాడు వట్టి చేతులతో పోయి, చప్పట్లు కొడుతూ అరిచింది. గొంతు బొంగురుపోయింది. జహీరాబాద్‌లో కాపురముండే బిడ్డ శ్రుతి ఫోన్ చేసి, "గొంతు గిట్లయిందేంది అమ్మా" అని అడిగితే, "అరిచి అరిచి" అని మాత్రం చెప్పిందట. ఆ వారంలోనే ఆ గట్టు మీదే కూలబడింది. జహీరాబాద్ దవాఖానకు చేరేలోగా ప్రాణం పోయింది. గుండె ఆగిందన్నారు.

మూడో దినం ఆ గట్టు మీదే పిట్టకు పెట్టారు. పోయినవాళ్ళకు ఇష్టమైనవి వండి, ఆకులో పెట్టి, దూరంగా జరిగి నిలబడతారు. కాకో మరో పిట్టో వచ్చి ముడితే, పోయిన మనిషి మనసులో ఏమీ పెట్టుకోకుండా పోయినట్టు. ముట్టకపోతే ఒక్కొక్కరూ ముందుకు వచ్చి మాట ఇస్తారు. జొన్నరొట్టె, పుంటికూర, ఒక గ్లాసు చాయ్ పెట్టారు. ఆకాశంలో ఒక్క రెక్క కనబడలేదు. "నాయినను మంచిగ అర్సుకుంట అమ్మా" అని శ్రుతి మాట ఇచ్చింది. అయినా రాలేదు. చివరికి మాణయ్య ముందుకు జరిగి, ఎవరికీ వినబడకుండా, "నీ మడి మల్ల చేస్త బాలమణీ, పిట్టలకే ఇడుస్త" అన్నాడు. ఎండ నెత్తి మీదికొచ్చినా ఏదీ రాలేదు. ఆకు తీసి ఆవుకు పెట్టారు.

"మొగని మీద కోపం పోలే పిల్లకు" అంది గుంపులో ఒక ముసలమ్మ, తనలో తాను అనుకున్నట్టుగా. ఆ మాట మాణయ్య గుండెలో ముల్లులా దిగింది. ఏడాది మాసికం నాడైనా పిట్ట ముట్టాలి. ముడితే బాలమణి తనను క్షమించినట్టు. అతనికి బతుకు మీద మిగిలిన ఆశ అదొక్కటే.

కౌలుదారు చలికాలం చివర అల్లం తవ్వుకుని పోయాడు. అతను వదిలి వెళ్ళిన మట్టిని చూస్తే మాణయ్యకు ఏడుపొచ్చింది. పిడికిట పట్టి పిసికితే ముద్ద కట్టడం లేదు. గడ్డపారతో ఎంత తవ్వినా ఒక్క వానపాము కనబడలేదు. అందుకే దీపిక చెప్పినవన్నీ చెప్పినట్టే చేశాడు. గట్టు వదిలాడు, తుమ్మచెట్టు నీడ వదిలాడు, దిగువన నీళ్ళు నిలిచే మూల వైపు అసలు పోనేలేదు. బాలమణి పాత చీర పరిచి దాని మీద మట్టి ఆరబెట్టాడు. ఆ చీర కొంగుతోనే శ్రుతి ఒక సంచి కుట్టి ఇచ్చింది. ఆ సంచిని బల్ల మీద పెడుతుంటే దీపిక ఈసారి లేచి రెండు చేతులతో అందుకుంది.

ఫలితం వచ్చాక ఆమె విడమరిచి చెప్పింది. మట్టిలో పులుపు పెరిగిందనీ, సున్నం చల్లాలనీ, సత్తువ అడుగంటిందనీ, ఎరువు కోసం మేకల మంద కట్టించమనీ చెప్పింది. మాణయ్య అదంతా విని, అసలు అడగాలనుకున్నది అడిగాడు.

"మందుల ఇసం గిట్ల ఉన్నదా మేడం?"

"ఈ పరీక్షల అది తెల్వది పెద్దయ్యా. దానికి వేరే పరీక్ష, ఇక్కడ కాదు. మీరొక పని చెయ్యిన్రి. రెండు కుండలు తీస్కొని, ఒకదాంట్ల మడి మట్టి, ఒకదాంట్ల గుట్ట మట్టి పోసి, రెండిట్ల కొర్రలు, పెసర్లు పెట్టి చూడున్రి. మడి మట్టిల మొలిచి నిలబడితే గడ్డిమందు బాధ లేనట్టే."

మాణయ్య వాకిట్లో రెండు కుండలు పెట్టి, పసిబిడ్డను చూసినట్టు పొద్దున్నా సాయంత్రం చూశాడు. రెండింట్లోనూ మొలకలొచ్చాయి. మడి మట్టిలోవి కొంచెం పొట్టిగా ఉన్నా, పచ్చగా నిలబడ్డాయి. ఆ రోజు అతను బాలమణి ఫొటో ముందు నిలబడి, "మొలిచినయి" అని చెప్పాడు.

ఎండాకాలంలో గొల్లోళ్ళ మేకల మందను మడిలో కట్టించాడు. సున్నం తానే చేత్తో చల్లాడు. ట్రాక్టర్‌తో లోతుగా దున్నించాడు. లోపలి మట్టి పైకి రావాలని డ్రైవర్‌తో ఒకటికి రెండుసార్లు దుక్కి వేయించి, మడి మూలమూలకూ నాగలి పోనిచ్చాడు. తొలి వాన పడగానే కొర్ర, సజ్జ, నడుమ పెసర వేశాడు, ఆమె వేసిన వరుసలోనే. కొర్ర వెన్నులు నక్కతోకల్లా వంగేసరికి భాద్రపదం వచ్చింది. ముందు చిన్నపిట్టలు వచ్చాయి. తర్వాత గువ్వలు, కౌజులు. ఒక సాయంత్రం గుట్ట మీంచి నెమలి ఒకటి దిగి, మెడ అటూ ఇటూ తిప్పి, సాళ్ళ మధ్యకు నడిచింది. మాణయ్య బాలమణి కూర్చునే చోటే కూర్చుని, చాలా రోజుల తర్వాత కడుపునిండా సంతోషపడ్డాడు. శ్రుతికి ఫోన్ చేసి, "మాసికం నాడు పిట్టకు ఎదురుచూసుడు ఉండది బిడ్డా. అవ్వే మన కోసం చూస్తయి" అన్నాడు.

మాసికం వారం రోజులుందనగా దిగువ మూలలో ఒక కౌజు చచ్చి పడి ఉంది. కుక్క పట్టి వదిలేసిందనుకున్నాడు. మర్నాడు అక్కడే రెండు గువ్వలు పడి ఉన్నాయి. వాటికి కొద్ది దూరంలో ఒక ఆడ నెమలి కాళ్ళు ముడుచుకుని, లేవలేక రెక్కలు కొట్టుకుంటోంది. మాణయ్య దాన్ని ఎత్తుకుని నీళ్ళు తాగించబోయాడు. అది అతని ఒళ్ళోనే తల వాల్చేసింది.

గడ్డపార తెచ్చి ఆ మూలలో తవ్వాడు. కౌలుదారు పోతూ పోతూ మిగిలిన గుళికల మందు సంచులను అక్కడే పూడ్చి పెట్టిపోయాడు. సంచులు చీలికలై ఉన్నాయి. చించింది నాగలి. లోతుగా పోనివ్వమని రెండుసార్లు చెప్పి మరీ వేయించిన దుక్కి. సన్నని ఊదారంగు గుళికలు మట్టిలో కలిసి, వానకు తేలి, దిగువ సాళ్ళంతా చెదిరి ఉన్నాయి. గింజలేవో, గుళికలేవో పిట్టలకేం తెలుసు.

కబురందుకుని దీపిక వచ్చింది. చేతులకు తొడుగులు వేసుకుని ఆ సంచులు తీయించింది. "ఈ మూల మట్టి మనం పరీక్షకు తీయలేదు కదా పెద్దయ్యా" అంది మెల్లగా.

"నీళ్ళు నిలిచే మూల వద్దంటిరి మేడం."

"అవును, నేనే అన్న" అంది ఆమె.  తర్వాత చేయాల్సింది చెప్పింది. "పంట కోసెయ్యాలె. ఈ గింజ వేరేకాడ పిట్టలకు పెట్టుడు కూడ వద్దు, పైరు ఎంత పీల్చుకున్నదో నేను చెప్పలేను. పై మట్టి తీయించే ఏర్పాటు చేస్త. అప్పటిదాంక ఒక్క పిట్టను వాలనీయకున్రి."

"ఈ మడిల కొడవలి పెట్టరాదు మేడం."

"ఎవరన్నరు?"

"మా ఇంటామె."

  మరునాడు మాణయ్యే కొడవలి పట్టి, నిండుగా పండిన కొర్రను మొదటి సాలు నుంచి కోసుకుంటూ వచ్చాడు. కోసిందంతా గుంటలో వేసి పూడ్చాడు. కానీ పండిన వెన్ను కోస్తే గింజ రాలకుండా ఉంటుందా? రాలిన గింజ కోసం పిట్టలు మునుపటి కంటే గుంపులుగా దిగాయి. మట్టిబెడ్డలు విసిరాడు, రుమాలు ఊపాడు. ఇటు తోలితే అటు వాలుతున్నాయి. చప్పుడు చేయడానికి ఏమన్నా దొరుకుతుందేమోనని కొట్టం వైపు వెళ్ళాక, రేకుల మీద తాను విసిరిన తలె గుర్తొచ్చింది.

నిచ్చెన వేసుకుని ఎక్కాడు. తలె అక్కడే ఉంది, వాననీళ్ళూ ఎండుటాకులూ నింపుకుని. నీళ్ళు వొంపి చూస్తే, నడుమ రాయి దెబ్బలకు లోతుగా సొట్ట పడి ఉంది. బండ ఎక్కి రాయితో కొట్టాడు. రాయి తనంత తానే ఆ సొట్టలో పడింది.

మాసికం నాటికి రెండు రోజులుగా అరుస్తున్నాడు. పొద్దున్నే శ్రుతి వచ్చి, జొన్నరొట్టె, పుంటికూర, చాయ్ గ్లాసు ఆకులో సర్ది, తల్లి కూలిన చోటే గట్టు మీద పెట్టింది. అవతల బండ మీద తండ్రి తలె కొడుతూనే ఉన్నాడు.

"నాయినా, జరసేపు ఆపు. గంత చప్పుడు చేస్తే పిట్ట ఎట్లొస్తది?"

"రావద్దు బిడ్డా."

"అమ్మకు పెట్టిన ఆకు నాయినా."

"ఆకు కాడికొస్తే కింద గింజ కనబడ్తది. దిగుతయి. దిగితే చస్తయి." మాట సగం గాలిగానే వచ్చింది.

శ్రుతి అతన్ని కాసేపు తేరిపార చూసింది. "నీ గొంతు అచ్చం అమ్మ గొంతు లెక్కనే అయింది. ఆఖరిసారి ఫోన్ చేసినప్పుడు గిట్లనే ఉండె" అంది.

మాణయ్య చెయ్యి గాలిలోనే ఆగిపోయింది.

తాను నిలబడ్డ బండను చూశాడు. చేతిలోని తలెను, దాని సొట్టను చూశాడు. గుళికలు చల్లిన అల్లం బోదెల మీద పిట్టలు పడి చస్తుంటే ఆమె చూసింది. ఆపమని మొగుడిని అడిగింది. అతను చెప్పనన్నాడు. ఇక ఆమె చేతిలో ఏముంది? పెట్టి పెంచిన పిట్టలను తానే తరమడం తప్ప. తలె గుంజుకుంటే చేతులతో తరిమింది, చేతులు నొస్తే గొంతుతో తరిమింది, ఆ పనిలోనే ప్రాణం వదిలింది. ఊరు నవ్వినప్పుడు తానూ తలవంపులనుకున్నాడే తప్ప, ఎందుకని ఒక్కసారి అడగలేదు. మూడో దినం పిట్ట రాకపోవడానికి కోపం కారణం కాదు. ఒక్కటి కూడా మిగలకుండా ఆమె వాటిని సాగనంపింది గనక రాలేదు.

"శ్రుతీ" అన్నాడు. "మీ అమ్మకు నా మీద కోపం లేకుండె బిడ్డా. ఉన్నా బాగుండు." అతను ఏడుస్తున్నాడని కూడా అతనికి తెలియలేదు. చెప్పగలిగినంత చెప్పాడు. శ్రుతి బండ దగ్గరికి వచ్చి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని విన్నది.

తలె ఆగిన ఆ కాసేపటిలో ఒక పిట్ట వచ్చింది. కాకి. గట్టు మీద ఆకుకు జానెడు దూరంలో వాలి, తల వంచి రొట్టె వైపు చూసింది. శ్రుతి తండ్రి చెయ్యి పట్టుకుంది. "నాయినా, వచ్చింది" అంది గుసగుసగా.

మాణయ్య చూశాడు. ఏడాదంతా దేని కోసం మట్టి తవ్వాడో అది ఆకు పక్కనే నిలబడి ఉంది. ఇంకొక్క అడుగు వేస్తే ముడుతుంది. కాకి వెనక, గుట్ట మీంచి గువ్వల గుంపు మడి వైపు దిగుతోంది. కాకి తల తిప్పి, కోసిన మొదళ్ళ మధ్య రాలిన గింజల వైపు చూసింది.

మాణయ్య బిడ్డ చేతిలోంచి చెయ్యి విడిపించుకున్నాడు. రాయి ఎత్తి బలంకొద్దీ తలె మీద కొట్టాడు. కాకి ఆకు ముట్టకుండానే లేచిపోయింది. గువ్వలు గాలిలోనే తిరిగి గుట్ట ఎక్కాయి.

శ్రుతి వంగి ఆకు ఎత్తి, కొట్టం ముందు కట్టేసిన ఆవు దగ్గరికి నడిచింది. వెనక తలె మోగుతూనే ఉంది.